గుండీల డబ్బాలో గవాస్కర్

ప్యాంటు పొడుగు తగ్గించమని టైలరుకిచ్చి వారం దాటింది. "సాయంత్రం రండి" అన్న మాట విని విని, ఆ రోజు మధ్యాహ్నమే వెళ్లి కొట్లో బల్ల మీద కూర్చున్నాను. మార్చి నెల. నకరికల్లు రోడ్డు మీద మిరపకాయ టిక్కీలేసుకున్న లారీ పోయినప్పుడల్లా కొట్లో ఉన్నవాళ్లకి వరసగా తుమ్ములు. నాకంటే ముందే వచ్చి ఫ్యాను కింద కుర్చీ పట్టేసినాయన రిటైరైన డ్రిల్లు మాస్టారు. డెబ్బై దాటినా వీపు ఇంకా అటెన్షన్‌లోనే ఉంటుంది. టైలరు ఆయన పాత శిష్యుడు. యాభై ఏళ్లవాడే గానీ ఆయన "ఒరేయ్" అంటే ఇప్పటికీ మిషను ఆపేస్తాడు.

మాస్టారి చొక్కాకి గుండీ ఊడింది. జత గుండీ వెతకడానికి టైలరు గుండీల డబ్బా బల్ల మీద బోర్లించాడు. గుండీలతో పాటు ఒక కార్డుల కట్ట జారిపడింది. అంచులు నలిగిపోయాయి, రబ్బరు బ్యాండు కరిగి పై కార్డుకి అంటుకుపోయింది. బబుల్ గమ్‌తో వచ్చినవి కొన్ని, ట్రంప్ కార్డులు కొన్ని. అన్నీ క్రికెట్టువే. మాస్టారు కట్ట చేతిలోకి తీసుకున్నారు. ఆ తర్వాత గంటసేపు నేను విన్నది విన్నట్టు రాస్తున్నాను. తుమ్ములు మాత్రం తీసేశాను.

మాస్టారు: ఇయ్యి ఇంకా పారెయ్యలేదంట్రా నువ్వు?

టైలరు: ఎట్టా పారేస్తానండీ! ఒక్కో కార్డుకి ఎంత గమ్ము నమిలానో నా దవడలకే తెలుసు. బిగ్ ఫన్ అని వచ్చేది, గుర్తుందా మాస్టారూ? కార్డు మీద ఆటగాడి బొమ్మ, ఇన్ని రన్నులు అనో ఇన్ని వికెట్లు అనో అంకె. అవి కూడబెట్టి ఇస్తే బహుమానం. లెక్కల్లో సున్నా వచ్చేవోడు గూడా ఆ కూడికలు నోటితో చేసేవోడు.

మాస్టారు: గుర్తులేకేం. గ్రౌండంతా గులాబీ రంగు జిగురే. నా బూటుకి అంటుకుంటే పుల్లతో గీక్కునేవాణ్ణి. జిగురు పోయింది గానీ ఆ బొమ్మలు చూసి మీ ఒంటికి పట్టిన రోగం మాత్రం పోలేదు. ఆటంటే కదిలేదిరా. దాన్ని ఒక్కచోట ఆపేసి అట్ట మీద అతికిస్తే అది శవం. శవాన్ని చూసి ఎవడన్నా నడక నేర్చుకుంటాడా?

టైలరు: మరి మీరు గోడకి బొమ్మల చార్టు తగిలించేగా మాకు సూర్యనమస్కారాలు నేర్పింది?

మాస్టారు: అందులో పన్నెండు బొమ్మలుంటయ్. నీ కార్డులో ఒక్కటే. ఇదుగో, ఈ కపిల్ దేవ్‌ని చూడు. ఎడం కాలు గాల్లోకి మడిచి, నడుము గిర్రున తిప్పి కొట్టిన షాటు. నటరాజ షాటని పేరు పెట్టారు పేపరోళ్లు. ఇది చూసి మీ బ్యాచ్‌లో పదకొండు మందీ ఏం చేశారు? బంతి సగం దూరం రాకముందే కాలెత్తి నిలబడేవాళ్లు, చెరువు గట్టున కొంగల్లాగా. అరే, కాలెత్తితే షాటు రాలేదురా. నడుము అంత జోరుగా తిరిగింది గాబట్టి కాలు దానంతటది లేచింది. కార్డు మీకు చివర చూపించింది, మొదలు మింగేసింది.

టైలరు: నేనూ ఎత్తాను లెండి. పడ్డాను గూడా. ఇదుగో, మోచేతి మీద మచ్చ. కాకపోతే ఒకటి చెప్పండి. 1983 జూన్ 18న టన్‌బ్రిడ్జ్ వెల్స్‌లో జింబాబ్వే మీద ఇదే కపిల్ 175 కొట్టి నాటౌట్‌గా మిగిలాడు. 17 పరుగులకి 5 వికెట్లు పడున్న టైములో. దానికి వీడియో ఉందా? లేదు గదా. దేశం మొత్తం ఆ ఇన్నింగ్స్‌ని నాలుగు ఫొటోల్లోనే చూసుకుంది. అవీ శవాలేనా?

మాస్టారు: చూసి మురవడం వేరు, చూసి నేర్చుకోవడం వేరు. పెళ్లి ఫొటో చూసి కాపురం నేర్చుకుంటావా?

పక్కన కాజాలు కుడుతున్న పనికుర్రాడు కిసుక్కున నవ్వాడు. మాస్టారు అటు చూడకుండా జేబులోంచి ఫోను తీశారు. ఆయన మనవడు డల్లాస్‌లో ఉంటాడు. పోయిన వేసవిలో వచ్చినప్పుడు తాతకి బేస్‌బాల్ పాఠం చెప్పి వెళ్లాడట. బబుల్ గమ్‌తో కార్డు అమ్మే అలవాటు మనకంటే ముందు వాళ్లకుంది. అక్కడ పాత కార్డుల్ని అద్దాల్లో పెట్టి దాచుకుంటారు. మనవడు పంపిన బొమ్మ ఒకటి మాస్టారు తెర మీద పెద్దది చేసి చూపించారు.

మాస్టారు: ఇది 1957లో టాప్స్ కంపెనీ వేసిన కార్డు. హ్యాంక్ ఆరన్. 755 హోమ్ రన్నులు కొట్టినోడు. కుడిచేతివాటం. ఇందులో ఎట్టా నిలబడ్డాడు?

టైలరు: ఎడంచేతివాటంగా... ఆగండాగండి. చొక్కా మీద నాలుగు అంకె తిరగబడింది. నెగటివ్ బోర్లా పెట్టి ప్రింటు కొట్టేశారు!

మాస్టారు: అదీ సంగతి. ఇంకోటి విను. 1959లో లూ బర్డెట్ అనే పిచ్చరు, కుడిచేత్తో వేసేవాడు, ఫొటో తీసేవాణ్ణి ఏడిపిద్దామని ఎడంచేతివాటం వాడిలా నిలబడ్డాడు. కనిపెట్టలేక అట్టానే అచ్చేశారు. 1969లో మరీ ఘోరం. ఔరేలియో రోడ్రిగెజ్ అని పేరేసి, జట్టుకి బ్యాట్లు అందించే కుర్రాడి ఫొటో వేశారు. ఆ కార్డు చూసి ఆట నేర్చుకుందామన్న పిల్లాడి గతేంది? బ్యాట్లు మొయ్యడం వచ్చిద్ది.

టైలరు ఈసారి నవ్వలేదు. సూదిని మాస్టారి చొక్కాకే గుచ్చి వదిలేసి, కట్టలోంచి ఒక కార్డు లాగాడు. గవాస్కర్. తెల్ల చొక్కా, పైన రెండు గుండీలు పెట్టుకోలేదు. ముందుకి వంగి డిఫెన్స్ ఆడుతున్నాడు. ఎడంచేతివాటంగా.

టైలరు: ఈ కార్డు మీరు మర్చిపోయుంటారు మాస్టారూ. నా చెంప మర్చిపోలా.

మాస్టారు: నేనా? ఎప్పుడు?

టైలరు: 1990లో. నేను పదో తరగతి. కోటప్పకొండ తిరనాళ్లలో ప్రభల పక్కన కొట్లో కొన్నా ఈ ట్రంప్ కార్డులు. ఏ కంపెనీదో పేరుండదు. తెల్లారి గ్రౌండులో, గవాస్కర్‌ది ఎడంచేతివాటం, కావాలంటే చూడండి అని మీతో వాదం పెట్టుకున్నా. కార్డు చూళ్లేదు మీరు. చెంప చెళ్లుమంది.

మాస్టారు: కొట్టే ఉంటాను. అంత తప్పు కూస్తే కొట్టనూ?

టైలరు: తప్పెట్టా అయిద్దండీ! రెండేళ్ల తర్వాత సెలూన్లో పాత పత్రిక ఒకటి చదివా. 1982 రంజీ సెమీఫైనల్లో, బెంగుళూరులో, కర్ణాటక మీద గవాస్కర్ నిజంగానే ఎడంచేత్తో ఆడాడంట. రఘురామ్ భట్ ఎడంచేతి స్పిన్ను, పిచ్చి పిచ్చిగా తిరుగుతంటే.

మాస్టారు: ఆడాడు.

టైలరు: మీకు తెలుసా?

మాస్టారు: తెలుసు. అప్పుడే పేపర్లో చదివా. కుడిచేత్తో ఆడితే బంతి బయటికి తిరిగి అంచు తీసుకుంటది. ఎడంచేత్తో నిలబడితే అదే బంతి లోపలికొస్తది, ప్యాడు అడ్డం పెట్టొచ్చు. భట్‌కి ఎడంచేత్తో, మిగతావాళ్లకి కుడిచేత్తో ఆడాడు. అది బుర్ర. నువ్వు చెప్పింది అది గాదు గదరా. నువ్వు కార్డు చూసి వాగావ్.

టైలరు: ఇంకా అయిపోలేదు వినండి. మీ దెబ్బా తప్పే, నా వాదమూ తప్పే. టైలరింగు నేర్చుకున్నాక ఒక రోజు ఈ కార్డు మళ్లీ తీసి చూశా. గుండీల పట్టీ చూడండి. మొగోళ్ల చొక్కాకి ఎడం పక్క పట్టీ పైకొస్తది, కాజాలు దానికే పడతయ్. ఇందులో కుడి పక్కది పైన ఉంది, ఆడపిల్లల షర్టుకి కుట్టినట్టు. గవాస్కర్ ఆడపిల్లల షర్టు ఏసుకుని బ్యాటింగుకి రాడు గదా! అంటే ఇది రంజీ ఫొటో గాదు. మీ ఆరన్ బొమ్మకి చేసినట్టే బోర్లేసి కొట్టారు. కార్డు అబద్ధమాడింది నిజమే. ఆ అబద్ధాన్ని పట్టిచ్చింది గూడా కార్డే. చదవడం రావాలంతే.

నాకు తెలియకుండానే నా చొక్కా పట్టీ చూసుకున్నాను. ఎడమదే పైన. మాస్టారు కూడా చూసుకున్నారు. తర్వాత కార్డుని కళ్లద్దాలకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు ఏమీ అనలేదు.

మాస్టారు: ఒకటి మాత్రం ఉందిరా. బోర్లేసినా ఇది మంచి డిఫెన్సే. తల చూడు, సరిగ్గా బ్యాటు మీదకి వచ్చింది. చూపు బంతి మీద. ముందు మోచెయ్యి పైకి. బ్యాటుకీ ప్యాడుకీ మధ్య చీమ దూరదు. అద్దంలో చూసినా, నీళ్లలో చూసినా ఇది చెడదు.

టైలరు: అట్టా రండి దారికి.

మాస్టారు: ఏ దారికీ రాలా. ఇది నేను చదవగలిగానంటే నాకు ముందే తెలుసు గాబట్టి. తెలియని పిల్లాడికి ఇందులో కనపడేది కాలరూ, టోపీ. మురళీధరన్ కార్డుందా? ఉంటే తియ్యి. చూశావా, మోచెయ్యి వంగి ఉంది. ఈ బొమ్మ చూసినోడు ఎవడైనా విసురుతున్నాడనే అంటాడు. 1995 బాక్సింగ్ డే టెస్టులో మెల్‌బోర్న్‌లో అంపైరు డారెల్ హెయిర్ నోబాల్ అననే అన్నాడు. పుట్టుకతోనే పూర్తిగా చాపలేని చెయ్యిరా అది. వంగి ఉండటం నేరం గాదు, వేసేటప్పుడు చాపడం నేరం. ఫొటోలో వంపు కనపడిద్ది, చాపడం కనపడిద్దా? కొలతలు తీసి 15 డిగ్రీల దాకా పర్లేదని ఐసీసీ రూలు మార్చుకుంది. ఆయన 800 టెస్టు వికెట్లు తీసి ఇంటికెళ్లాడు. కార్డుని నమ్ముకుంటే మాత్రం దొంగ.

టైలరు: సరే, అసలు మంచి పద్ధతి అంటే ఏదండీ? ఎవడు రాశాడు? బ్రాడ్‌మన్ బ్యాటు నిటారుగా వెనక్కి ఎత్తేవోడే గాదంట. స్లిప్పుల వైపు వంకరగా లేచేదంట. నీళ్ల ట్యాంకు దిమ్మకి గోల్ఫు బంతి కొట్టి, తిరిగొచ్చేదాన్ని ఒట్టి స్టంపుతో ఆడి నేర్చుకున్నాడు. సగటు 99.94. ఆయన మీ డ్రిల్లు పీరియడ్‌కి వచ్చుంటే మోచేతి మీద బెత్తం పడేది. బుమ్రాని చూస్తే మీకు నిద్ర పట్టదు. పరుగు నాలుగడుగులు, చెయ్యి వాసంలాగా బిగిసి ఉంటది. మలింగ సంగతి చెప్పనే అక్కర్లా.

మాస్టారు: పడేదేమో. కాదనను. అయితే ఆ దిమ్మ ముందు ఆ పిల్లాడు ఎన్ని వేల బంతులాడాడో, ఆ వంకర ఆయన ఒంటికి అట్టా కుదిరింది. నీలాంటోడు వంకర పట్టుకుని దిమ్మని వదిలేస్తాడు.

ఇక్కడ టైలరు కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. ఇప్పటిదాకా మాటకి మాట అప్పజెప్పాడు గానీ అసలు చెప్పాలనుకున్నది ఇదేనని నాకు అప్పుడర్థమైంది. నాకూ ఆ చేను తెలుసు కాబట్టి మధ్యలో తల ఊపుతూ కూర్చున్నాను.

టైలరు: మేం ఆడింది ఎక్కడ మాస్టారూ? పత్తి కట్టె పీకేసిన రేగడి చేలో. ఎండలు ముదిరేసరికి అరచెయ్యి దూరేంత నెర్రెలు. బంతి నెర్రె అంచున పడితే ఒకసారి మడమల మీదకి, ఒకసారి ముక్కు మీదకి. వికెట్టంటే పాతేసిన నాపరాయి. తగిలితే ఠంగుమనేది. అంపైరు అక్కర్లేదు, అవుటా కాదా అన్న తగువే లేదు. ఆఫ్ సైడు మేజరు కాలవ. నీళ్లొదిలితే బంతి కొట్టుకుపోద్ది, కట్టేస్తే తూటికాడలో దూరిద్ది. అందుకని రూలు పెట్టుకున్నాం. కాలవలో పడితే అవుటు, పైగా కొత్త బంతి కొట్టినోడే కొనాలి. ఇక కవర్ డ్రైవ్ ఎవడు కొడతాడు? వాళ్లయ్య ఊరుకుంటాడా?

మాస్టారు: అందుకని అడ్డబ్యాటా?

టైలరు: అందుకని అజరుద్దీన్! చుట్టుపక్కల ఊళ్లన్నిట్లో గవాస్కర్ కార్డు ఒకటిస్తే అజర్ కార్డులు రెండొచ్చేయి. మా చేలో తిరకాసు. అజర్ ఒకటి కావాలంటే గవాస్కర్లు రెండివ్వాలి. ఎందుకంటే ఆఫ్ స్టంపు బయట పడ్డ బంతిని మణికట్టుతో మలిపి లెగ్ సైడుకి పంపేవోడు ఆయనొక్కడే. మాకు కాలవ గండం తప్పిచ్చేది ఆ షాటే. మొదటి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు కొట్టినోడి షాటది. కలకత్తా, మద్రాసు, కాన్పూరు. మాకు అది స్టైలు గాదు మాస్టారూ, బంతి ఖర్చు.

మాస్టారు: నిజం చెప్పావ్. అందుకే నరసరావుపేటలో చాప మీద ఆడిన రోజు మీ జట్టు పేక మేడలా కూలింది. బంతి నేరుగా లోపలికొస్తంటే మణికట్లు తిప్పుకుంటా నిలబడ్డారు. వరసగా ఎల్బీడబ్ల్యూలు. లెక్కపెట్టలేక నేను తల దించుకున్నా.

టైలరు: చాప మీద ఆడటం అదే మొదటిసారి గదండీ మాకు.

మాస్టారు: సరే, అజర్ పేరు తెచ్చావు గాబట్టి చెప్తా. 1989లో పాకిస్తాన్ టూరుకి పోయినప్పుడు ఆయన ఫామ్ బాగా దెబ్బతిని ఉంది. జహీర్ అబ్బాస్ నెట్లో చూసి, పట్టు మార్చుకో అన్నాడు. మార్చుకున్నాడు. ఆ టూరులోనే ఫైసలాబాద్‌లో సెంచరీ. మా మనవడు చెప్పాడు, హ్యాంక్ ఆరన్ గూడా కుర్రతనంలో చేతులు తారుమారుగా పట్టుకునేవాడంట, పైన ఉండాల్సిన చెయ్యి కిందపెట్టి. ఆటగాళ్లని వెతుక్కుంటా తిరిగే స్కౌటు ఒకడు చూసి మార్చమంటే మార్చుకున్నాడు. లక్ష్మణ్ సంగతి వేరే చెప్పాలా? 2001లో ఈడెన్‌లో 281 కొట్టినప్పుడు, షేన్ వార్న్ లెగ్ స్టంపు బయట గరుకులో వేసిన బంతిని ఒకసారి కవర్స్‌లోకి, ఇంకోసారి అటువంటి బంతినే మిడ్‌వికెట్‌లోకి. దాన్ని ఏ కార్డులో ఇరికిస్తావు? సరే, అది పక్కనపెట్టు. అజర్, ఆరన్, ఇద్దరూ కార్డు చూసి మారలా. వాళ్లని ఒక మనిషి చూశాడు. నువ్వు కార్డుని ఎంతసేపన్నా చూడొచ్చురా. కార్డు నిన్ను చూడదు.

బలమైన మాట. టైలరు తల వంచుకుని గుండీ కుట్టడం మొదలుపెట్టాడు. నాలుగు కుట్లు వేసి, దారం పంటితో తెంపి, అప్పుడడిగాడు.

టైలరు: మీరు చూశారా మాస్టారూ?

మాస్టారు: ఏంది?

టైలరు: నన్ను. నేను నిలబడే తీరు. ఒక్కసారన్నా చూశారా? కోపంతో అడగడం లేదండీ. క్లాసుకి అరవై మందిమి. వారానికి రెండు డ్రిల్లు పీరియడ్లు. ఒక పీరియడ్ గడ్డి పీకడానికే సరి. ఉన్నది ఒక్క బ్యాటు, అది బీరువాలో. ఇన్‌స్పెక్షనుకి వస్తన్నారంటే బైటికొచ్చేది. కార్డు నన్ను చూళ్లేదు, ఒప్పుకుంటా. కానీ జేబులో ఉండేది. రాత్రిపూట బుడ్డిదీపం దగ్గర పెట్టుకుని అజర్ పై చేతి బొటనవేలు ఎటుందో చూసేవోణ్ణి. గంట కొట్టారు, ఇక పో అని అది ఎప్పుడూ అన్లా.

ఫ్యాను చప్పుడొక్కటే. పనికుర్రాడు కూడా సూది ఆపేశాడు. మాస్టారికి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. కట్టలో కార్డులు ఒక్కొక్కటే బల్ల మీద పరుస్తూ, మొహం ఎత్తకుండా మాట్లాడారు.

మాస్టారు: బీరువా తాళం నా దగ్గర ఉండేది గాదురా. ఆ బ్యాటు విరిగితే జీతంలో పట్టుకుంటామన్నారు. సరే, అదట్టా ఉంచు. నేను క్రికెట్ ఆడానని నీకెవరు చెప్పారు?

టైలరు: అదేందండీ?

మాస్టారు: నేను కబడ్డీ వాణ్ణి. క్రికెట్ బంతి చేత్తో పట్టుకుంది ఉద్యోగంలో చేరాకే. మీకు ఫ్రంట్ ఫుట్ అన్నా, ఎల్బో అన్నా, అదంతా నేను రేడియో విని, లైబ్రరీలో స్పోర్ట్‌స్టార్ తిరగేసి పోగేసుకుందే. దాని మధ్య పేజీలో పెద్ద రంగుల బొమ్మ వచ్చేది. పిన్నులు ఊడదీసి ఎత్తుకుపోయేవాళ్లు ఎవరో. నేనొచ్చేసరికి ఉంటే అదృష్టం. ఆ లైబ్రరీలోనే ఒక లావు పుస్తకంలో విక్టర్ ట్రంపర్ ఫొటో చూశా. ఆస్ట్రేలియా ఆయన. జార్జ్ బెల్డమ్ అనే ఆయన తీసింది, 1905లో అచ్చయింది. క్రీజు వదిలి ముందుకొస్తున్నాడు. ఎడం పాదం ఇంకా నేలకి ఆనలా. బ్యాటు వెనక్కి, పైకి, ఎంత లేవాలో అంత లేచి ఉంది. షాటు ఇంకా మొదలు గాలేదు. బంతి బొమ్మలోనే లేదు. అది చూసి నాకు తెలిసిందిరా, కొట్టడం చేతుల్లోంచి రాదు, పాదం లోంచి వస్తదని. మీకు అరిచి అరిచి చెప్పింది అదే.

టైలరు: మ్యాచ్ ఆడతంటే తీశాడా దాన్ని?

మాస్టారు: కాదు. కెమెరా కోసం ఆడి చూపించాడంట. ఆ కాలం కెమెరాతో మ్యాచ్‌లో అంత దగ్గరికి పోయి ఎట్టా తీస్తారు?

టైలరు: అంటే... మాస్టారూ, మీ గురువు గూడా అట్టముక్కేనన్న మాట! అదీ ఫోజిచ్చిన అట్టముక్క!

మాస్టారు: నవ్వకు. నా అట్టముక్క మొదలు చూపిచ్చింది. మీది చివర చూపిచ్చింది. తేడా లేదూ?

తేడా ఉంది. నాకూ అనిపించింది. అయితే ఆ ట్రంపర్ బొమ్మ బబుల్ గమ్‌తో వస్తే పిల్లలు ఎగబడేవాళ్లా అన్నది అనుమానమే. బంతి తగలని షాటుకి రన్నులెన్నని వేస్తారు?

పనికుర్రాడు అందుకున్నాడు. ఇప్పుడు ఫోనులో స్లో మోషన్ ఉంది గదా తాతా, మొదలూ చివరా రెండూ కనపడతాయి, గుంటూరు షేక్ రషీద్ 2022 అండర్-19 ప్రపంచకప్ ఫైనల్లో యాభై కొట్టిన వీడియో నేను వందసార్లు చూశా అన్నాడు. మరి నువ్వెంత కొట్టావురా అని టైలరు అడిగితే కాజాల్లోకి తల దూర్చేశాడు.

టైలరు: మీకొకటి చూపించాలి. ఉండండి.

లోపలి గదిలోకి వెళ్లి, పాత సైజుల పుస్తకాల అడుగునుంచి అరచేతిలో ఇమిడే బుల్లి పుస్తకం తెచ్చాడు. అట్ట ఊడిపోయింది. రన్నులు, వికెట్లు కూడబెట్టి ఇచ్చినందుకు బదులుగా వచ్చిన బహుమానం ఇదేనట. ఇందులో చదవడానికి ఏమీ లేదు. పేజీకొక బొమ్మ. బొటనవేలితో అంచులు రెపరెపలాడిస్తే ఒక బ్యాట్స్‌మన్ ముందుకొచ్చి డ్రైవ్ కొడతాడు. అట్టతో పాటు పేరూ పోయింది.

మాస్టారు వేలు తడి చేసుకుని మొదటిసారి తిప్పారు. మరీ జోరుగా పోయింది, ఏమీ కనపడలేదు. రెండోసారి తిప్పితే బ్యాటు ఊగింది. మూడోసారి వెనకనుంచి ముందుకి తిప్పారు. బ్యాటు కిందకి దిగి, కాలు వెనక్కి జరిగి, బ్యాట్స్‌మన్ ఏమీ ఎరగనట్టు మళ్లీ నిలబడ్డాడు. మాస్టారి మొహంలో చిన్నపిల్లాడి నవ్వొకటి వచ్చి పోయింది. నాలుగోసారి నెమ్మదిగా, ఒక్కో ఆకూ వదులుతూ వచ్చి, మధ్యలో గబుక్కున వేలు నొక్కిపెట్టారు.

మాస్టారు: ఇదుగో! ఇక్కడ! పాదం పడింది, బ్యాటు ఇంకా పైనే ఉంది. ఇన్నేళ్లూ నేను మొత్తుకుంది ఇదే. దీన్ని చూడండ్రా!

టైలరు: చూస్తన్నా మాస్టారూ. అంత కదిలే పుస్తకంలో మీరు ఆపింది గూడా ఒక్క బొమ్మ దగ్గరే గదా.

మాస్టారు సమాధానం చెప్పలేదు. పుస్తకం మూసి బల్ల మీద పెట్టి, టైలరు చెక్క స్కేలు అందుకున్నారు. పంచె కొద్దిగా పైకి దోపి, కొట్టు మధ్యలో, గుడ్డ ముక్కల మీద నిలబడ్డారు. రెండు చేతులతో స్కేలు పట్టుకుని, తల నిలిపి, వీధి వైపు చూశారు. రోడ్డవతల బౌలరు ఎవరో ఉన్నట్టు. ఎడం పాదం ముందుకి వేశారు.

మాస్టారు: ఎంత దూరం పడిందో గుర్తుపెట్టు.

టైలరు మోకాళ్ల మీద కూర్చుని, గుడ్డకి గుర్తులు పెట్టే సుద్దతో ఆయన చెప్పు చుట్టూ గీత గీశాడు. మడమ దగ్గర్నుంచి టేపు లాగాడు.

టైలరు: ఇరవై ఆరు. మీ ఎత్తుకి ఇంకో రెండంగుళాలు రావాలి మాస్టారూ. వంగి ఆడతన్నారు.

మాస్టారు: ఇరవై ఆరు చాలు. రేగడిలో అంత ముందుకి పోతే నెర్రెలో కాలు పడిద్ది.

టైలరు: ఇప్పుడు రేగడి గుర్తొచ్చిందా తమరికి?

మాస్టారు: మాట్లాడకుండా గియ్యి. మళ్లీ వేస్తన్నా.

ఆయన పాదం ఎత్తారు. బయట టిక్కీల లారీ ఒకటి పోయింది. ఈ తుమ్ము ఒక్కటీ తీసెయ్యడానికి లేదు. ముందు మాస్టారికి వచ్చింది, తర్వాత నాకు, తర్వాత కుర్రాడికి. స్కేలు గోడకి తగిలి, పాదం ఎక్కడో పడింది.

టైలరు: కదిలారు మాస్టారూ. మొదట్నుంచి.

మాస్టారు మళ్లీ వెనక్కొచ్చి నిలబడ్డారు. నా ప్యాంటు ఇంకా మిషను పక్కనే, కత్తిరించకుండా ఉంది.